ఇండియన్ డిఫెన్స్ ఎంతవరకు ఇండియాది?

చదరంగం మన దేశంలో పుట్టిందన్న మాట మీద పెద్ద తగువు లేదు. తగువంతా ఆట మొదట్లో వేసే ఎత్తుల దగ్గర ఉంది. కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్, ఓల్డ్ ఇండియన్ అంటూ ప్రపంచమంతా పిలుచుకునే ఓపెనింగుల్లో ఉన్న ఆ ‘ఇండియా’ మన అరుగుల మీద, మన వరండాల్లో నడిచిన ఆట నుంచే వెళ్లిందా? లేక ఐరోపా ఆటగాళ్లు తమ కొత్త ఆలోచనకు పెట్టుకున్న దూరదేశపు పేరా? 1884లో ‘ఇండియన్ డిఫెన్స్’ అన్న పేరు వాడుకలో కనిపించినప్పటి నుంచి ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. దేశాభిమానం ఒకవైపు లాగితే పుస్తకాల లెక్క మరోవైపు లాగింది. ఎవరు ఏమంటున్నారో, ఎవరి దగ్గర ఏ ఆధారం ఉందో ఒకచోట చేర్చి చూడవలసిన సమయం వచ్చింది.

ఈ సమీక్ష ముంబయి వైపు నుంచి, అందులోనూ కామాఠిపుర, వర్లీ తెలుగు చాళ్ల (కూలీలు ఉండే వరస గదుల ఇళ్ల) వైపు నుంచి చూస్తుంది. ఈ వివాదంలో పదేపదే చెప్పుకునే పాత పుస్తకం ఒకటి బొంబాయిలోనే అచ్చయింది. పైగా తెలుగు, మరాఠీ, ఉర్దూ మాటలు ఒకే గోడకు ఇవతలా అవతలా వినిపించే ఊరిది. మనం శకటు అనే ముక్క మరాఠీ పిల్లలకు ఊంట్. మన మంత్రి వాళ్లకు వజీర్, మన ఏనుగు వాళ్లకు హత్తి. ముక్కకే ఇన్ని పేర్లున్నచోట ఎత్తుకు ఒక్క సొంతదారుడిని తేల్చడం తేలిక కాదు.

కలకత్తాలో ఒక ఆట

వివాదానికి నడిబొడ్డున ఉన్నది 1855 మే నెలలో కలకత్తాలో జరిగిన ఒక ఆట. తెల్లముక్కలు జాన్ కాక్రేన్‌వి. ఆయన లండన్‌లో పేరు మోసిన ఆటగాడు, వృత్తిరీత్యా బారిస్టరు. నల్లముక్కలు మహేశ్‌చంద్ర బెనర్జీవి. కలకత్తా క్లబ్బు వాళ్లకు పల్లెలో దొరికిన బెంగాలీ ఆటగాడాయన. ఇద్దరూ 1848 తర్వాత పన్నెండేళ్లపాటు ఎన్నో ఆటలు ఆడారు. వాటిని కాక్రేన్ రాసిపెట్టుకోవడం వల్లే ఇవాళ మనకు దక్కాయి.

ఆ ఆటలో కాక్రేన్ మంత్రి ముందరి బంటును డి4కి, దాని పక్క బంటును సి4కి నడిపాడు. మహేశ్‌చంద్ర గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చి, జి బంటును ఒక్క గడి జరిపి, మూడో ఎత్తులో డి5తో మధ్యగడిని ఎదుర్కొన్నాడు. తర్వాత శకటును జి7లో పెట్టి, కోట కట్టి, తెల్లవాడికి బంట్ల మేడ కట్టుకునే అవకాశం ఇచ్చి, సి5తో ఆ మేడ పునాదిని తవ్వడం మొదలుపెట్టాడు. ఈ పద్ధతిని ఇప్పుడు గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్ అంటున్నాం. వియన్నాకు చెందిన ఎర్నస్ట్ గ్రూన్‌ఫెల్డ్ దీన్ని 1922లో రంగం మీదికి తెచ్చాడు. అదే ఏడాది వియన్నాలో దీనితోనే, తర్వాత ప్రపంచ విజేత అయిన అలెఖైన్‌ను ఓడించాడు. అంటే కలకత్తా ఆటకు, వియన్నా ఆటకు మధ్య 67 ఏళ్లు.

కలకత్తా ఆట మాత్రం మహేశ్‌చంద్ర ఓడిపోయాడు. పద్దెనిమిదో ఎత్తుకు కాక్రేన్ గుర్రం ఎఫ్7 బంటును కొట్టింది. మంత్రిని బలి ఇచ్చి, సొంత ముక్కల మధ్యే ఇరుక్కున్న నల్లరాజును గుర్రంతో ఆటకట్టు చేసే దారి అక్కడ తెరుచుకుంది. ఆట ఓడింది, ఓపెనింగు మిగిలింది. ఆ ఓపెనింగు అసలు ఎక్కడిదన్నదే ఇప్పటి ప్రశ్న.

రెండు రకాల నియమాలు

వివాదం అర్థం కావాలంటే ముందు పాత దేశీ నియమాలు తెలియాలి. అవి ఊరూరికీ మారేవి. అయినా కొన్ని లక్షణాలు చాలాచోట్ల ఒకటే. బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదిలేది. ఇప్పటి పద్ధతిలో కోట కట్టడం ఉండేది కాదు. దానికి బదులు, కట్టు పడకముందు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. చివరి వరసకు చేరిన బంటు ఏ నిలువు వరసలో చేరిందో ఆ వరసకు చెందిన ముక్కగా మారేది. రాజు ఒంటరిగా మిగిలితే ఎలా లెక్కించాలన్నదానికి వేరే పద్ధతులుండేవి. హెచ్. జె. ఆర్. ముర్రే 1913లో వెలువరించిన చదరంగ చరిత్ర ఈ తేడాలను పోగుచేసిన పెద్ద పుస్తకం.

బంటు రెండు గళ్లు దూకకపోతే ఆట ఆరంభమే మారిపోతుంది. ఐరోపాలో మొదటి ఎత్తుకే రెండువైపుల బంట్లూ నడిమి గళ్లలో తలపడతాయి. దేశీ ఆటలో సేనలు ముందు తమ నేల మీదే సర్దుకుంటాయి. బంట్లు మూడో వరసలో కంచెగా నిలుస్తాయి. శకటు మూలకు దగ్గరి గడి నుంచి ఐమూలగా చూస్తూ కాపు కాస్తుంది. ఢీ కొనడం ఆలస్యంగా జరుగుతుంది. ఈ అమరికకు, ఇప్పటి కింగ్స్ ఇండియన్‌కు ఉన్న పోలికే మొదటి వాదానికి పుట్టుక.

పాత పుస్తకాలు ఏమి మిగిల్చాయి

దక్కన్‌లో చదరంగపు రాత పాతదే. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో చదరంగానికి ఒక భాగం ఉంది. తెలుగు చాటు సంప్రదాయం, ‘ప్రసన్న రాఘవ నాట్య ప్రబంధం’ రాసిన బొడ్డుచర్ల చిన్న తిమ్మనను శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి మెప్పు పొందిన ఘనుడిగా చెప్పుకుంటుంది. కానీ ఆయన ఎలా గెలిచాడో, మొదటి ఎత్తు ఏదో చాటువులు చెప్పవు. గెలుపు పద్యమైంది. ఆట మాత్రం గాలిలో కలిసిపోయింది.

1814లో బొంబాయిలో ‘ఎస్సేస్ ఆన్ చెస్’ అనే పుస్తకం వచ్చింది. దాన్ని కూర్చినవాడు త్రివేంగడాచార్య శాస్త్రి. పేరులోనే తిరువేంగడాన్ని మోసుకొచ్చిన దాక్షిణాత్య పండితుడు. సంస్కృత మూలం పేరు ‘విలాసమణిమంజరి’. పీష్వా రెండవ బాజీరావు కాలపు రచన అది. ఐరోపా ఆటతీరుకు అనువుగా మార్చినట్టు పుస్తకం పేరులోనే చెప్పుకున్నారు. అంటే 1814 నాటికే బొంబాయిలో రెండు నియమాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి, ఒకదాన్ని మరొకదానిలోకి మార్చి చెప్పే పండితుడూ ఉన్నాడు.

అయితే ఆ పుస్తకం నిండా ఉన్నవి ముఖ్యంగా చిక్కు స్థితులు. ఇన్ని ఎత్తుల్లో ఆటకట్టు చెయ్యమనే సమస్యలవి. తొలి ఎత్తుల ముచ్చట ఆ పుస్తకానికి ప్రధానం కాదు. మన పండితులు ముగింపు అందాన్ని రాసిపెట్టారు. ఆరంభాన్ని ఆడేవాళ్ల చేతులకు వదిలేశారు. ఇప్పటి తగువు సగం ఈ ఖాళీలోంచే పుట్టింది.

మూడు వాదాలు

మొదటిది నేల వాదం. ఒక్కో గడి నడిచే బంట్లతో పెరిగిన ఆటగాళ్లకు దూరం నుంచి మధ్యగళ్లను అదుపు చేయడం సహజంగా అబ్బిందని ఈ పక్షం అంటుంది. మహేశ్‌చంద్ర ఐరోపా నియమాలతో ఆడినా చేతివాటం దేశీదేనని, 1884లో పేరు పెట్టినవాళ్లు కూడా ఆయన ఆటలనే తలచుకున్నారని చెబుతుంది. ఇంగ్లిష్ చదరంగ రచయిత ఫిలిప్ సార్జెంట్, ఇండియన్ డిఫెన్సులను ఐరోపా ఆటగాళ్లకు చాలావరకు నేర్పింది మహేశ్‌చంద్ర వంటి భారతీయుల ఆటలేనని రాశాడు.

రెండోది సిద్ధాంత వాదం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రేటి, నిమ్జోవిచ్, టార్టకోవర్, గ్రూన్‌ఫెల్డ్ వంటివాళ్లు మధ్యగళ్లను బంట్లతో నింపనక్కర్లేదు, దూరం నుంచి ముక్కలతో కొడితే చాలని కొత్తగా ఆలోచించారు. ఎత్తు ఎవరైనా వేయవచ్చు. దాని వెనక కారణాన్ని కట్టుదిట్టంగా చెప్పి, నిలబెట్టి, పదిమంది చేత ఆడించినవాడిదే ఓపెనింగు అని ఈ పక్షం మాట. కింగ్స్ ఇండియన్ కూడా 1940, 50లలో బ్రాన్‌స్టీన్, బొలెస్లావ్‌స్కీ, గెల్లర్ వంటి సోవియట్ ఆటగాళ్ల చేతుల్లోనే పదునెక్కిందని గుర్తు చేస్తుంది.

మూడోది కలయిక వాదం. కలకత్తా ఆటలు ఎవరూ చూడని మూల పడిలేవు, ఇంగ్లండ్‌కు చేరాయి, అచ్చయ్యాయి. రెండు సంప్రదాయాలు ఒకే బల్ల దగ్గర ఒరుసుకున్నప్పుడే ఈ ఓపెనింగులు పుట్టాయని, ఏ ఒక్కరి పేరూ సరిపోదని ఈ పక్షం అంటుంది.

మూడింటినీ పక్కపక్కన పెడితే తేడా ఇలా తేలుతుంది:

- నేల వాదానికి బలం అమరికలోని పోలిక, ఓపెనింగు పేరు. బలహీనత, దేశీ నియమాలతో ఆడిన ఆటల పూర్తి రాతలు అరుదు కావడం.
- సిద్ధాంత వాదానికి బలం పుస్తకాలు, టోర్నమెంటు రికార్డులు. బలహీనత, 1855 ఆటకు సమాధానం చెప్పలేకపోవడం.
- కలయిక వాదానికి బలం రెండు పక్షాల ఆధారాలకూ చోటివ్వడం. బలహీనత, కలకత్తా నుంచి వియన్నాకు ఎత్తు చేరిన దారిని మెట్టు మెట్టుగా చూపలేకపోవడం.

ఒక్క గడి పరీక్ష

ఈ వాదాలను తూచడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఓపెనింగులో నల్లబంట్లు రెండు గళ్లు దూకాయా, ఒక్కో గడే నడిచాయా అని చూడాలి. దేశీ నియమంలో పెరిగిన చెయ్యి ఒక్క గడి ఎత్తునే ముందు వెతుకుతుంది కదా.

కింగ్స్ ఇండియన్‌లో గుర్రం ఎఫ్6కి, బంటు జి6కి, శకటు జి7కి, బంటు డి6కి వస్తాయి. అక్కడిదాకా నల్లబంటు ఒక్కటీ రెండు గళ్లు దూకలేదు. క్వీన్స్ ఇండియన్‌లో ఇ6, బి6 రెండూ ఒక్కో గడే. నిమ్జో ఇండియన్‌లోనూ మొదటి బంటు ఎత్తు ఇ6. ఇవన్నీ దేశీ నియమంలో కూడా చెల్లే ఎత్తులే. గ్రూన్‌ఫెల్డ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దాని ప్రాణమంతా డి5, సి5 అనే రెండు దూకుళ్లలో ఉంది. మహేశ్‌చంద్ర 1855లో వేసినవి సరిగ్గా ఆ రెండే. ఒక్కో గడి నడిచే ఆటలో ఆ రెండు ఎత్తులూ అలా వేయడం సాధ్యమే కాదు.

అంటే నేల వాదానికి పతాకంగా చూపే ఆ ఆటలో జి6 అమరిక దేశీ అలవాటుకు దగ్గరగా ఉంది, డి5 దెబ్బ కొత్త నియమం ఇచ్చిన స్వేచ్ఛ. ఒకే ఆటలో రెండు సంప్రదాయాలు కనిపిస్తున్నాయి. ఈ పరీక్ష మూడో వాదానికే ఎక్కువ బలం ఇస్తోంది. తెల్లవాడు డి4, సి4 అంటూ రెండు గళ్లు దూకితేనే నల్లవాడి అమరికకు అర్థం వస్తుందన్నది కూడా మరవకూడదు.

సుల్తాన్ ఖాన్ సాక్ష్యం

దేశీ నియమాలతో పెరిగి, పెద్దయ్యాక అంతర్జాతీయ నియమాలు నేర్చుకుని, ప్రపంచ స్థాయికి ఎదిగినవాడు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబులోని మిఠా తివానా ఊరివాడు. 1928లో అఖిల భారత విజేత. 1929, 1932, 1933లలో బ్రిటిష్ విజేత. ఆయన ఆటను నేల పక్షం, సిద్ధాంత పక్షం రెండూ తమ సాక్షిగానే పిలుస్తాయి.

ఓపెనింగుల పుస్తక జ్ఞానం లేకపోవడం ఆయనకు పెద్ద లోటని సిద్ధాంత పక్షం అంటుంది. ఆయన నడి ఆట, ముగింపు గొప్పవి, ఆరంభంలో మాత్రం వెనకబడేవాడని ఆ పక్షం వాదన. నేల పక్షం 1930-31 హేస్టింగ్స్ టోర్నమెంటులో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాపై గెలిచిన ఆటను చూపిస్తుంది. క్వీన్స్ ఇండియన్ తీరుకు తిరిగిన ఆ ఆటలో సుల్తాన్ ఖాన్ అయిదో ఎత్తుకు ఏ3 అని అంచు బంటును ఒక్క గడి జరిపాడు. నల్లశకటు బి4కి వచ్చి గుర్రాన్ని కట్టేయకుండా ఆపే చిన్న ఎత్తు అది. దశాబ్దాల తర్వాత ఆ ఆలోచనే పెట్రోసియన్ పేరు మీద, ఆ తర్వాత కాస్పరోవ్ ఆటల్లో ప్రపంచానికి పరిచయమైంది. కాపాబ్లాంకా 65 ఎత్తుల్లో ఓడిపోయాడు.

ఆ ఒక్క గడి ఎత్తు దేశీ అలవాటు నేర్పిన ఓర్పా, బల్ల ముందు అప్పటికప్పుడు తోచిన తెలివా అన్నది ఎత్తు ఒక్కటే చూసి తేల్చలేం. ఆయన జీవితంపైనా తగువు ఆగలేదు. 1965లో ఆర్. ఎన్. కోల్స్, 2020లో డేనియల్ కింగ్ రాసిన పుస్తకాల తర్వాత, ఆయనను చదువురాని సేవకుడిగా చూపడాన్ని కుటుంబసభ్యులే బహిరంగంగా ఖండించారు. 2024లో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆయనకు మరణానంతరం గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ఇచ్చింది. ఆటగాడి గురించి ఎవరు రాశారన్నదాన్ని బట్టి ఆటకే అర్థం మారుతుందనడానికి ఇది పెద్ద ఉదాహరణ.

ఏలూరు నుంచి సింగపూర్ దాకా

అఖిల భారత చెస్ సమాఖ్య 1951లో ఏర్పడింది. మొదటి జాతీయ పోటీ 1955లో ఏలూరులో జరిగింది. మహారాష్ట్రకు చెందిన రామచంద్ర సప్రే, ఆంధ్రకు చెందిన డి. వెంకయ్య సమానంగా నిలిచి తొలి జాతీయ విజేతలయ్యారు. ఒకే నియమాల పుస్తకంతో దేశమంతా ఆడిన కొత్త కాలం మొదటి పేజీలో మరాఠీ పేరు, తెలుగు పేరు పక్కపక్కన ఉన్నాయి. ఒక్క గడి బంట్లు, దూకే రాజులు అప్పటి నుంచి ఇళ్లకే పరిమితమవుతూ వచ్చాయి.

ఆ జోడు తర్వాత కూడా తెగలేదు. కామాఠిపురకు దగ్గరలోని గిర్గావ్‌లో ‘నవాకాళ్’ పత్రిక నడిపిన ఖాడిల్కర్ ఇంట్లో వాసంతి, జయశ్రీ, రోహిణి అనే అక్కచెల్లెళ్లు జాతీయ విజేతలయ్యారు.   1981లో రోహిణి హైదరాబాదులో ఆసియా మహిళా విజేత అయింది. 2025లో బటూమిలో జరిగిన మహిళా ప్రపంచ కప్ ఫైనల్లో నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్, గుడివాడ ఆడపడుచు కోనేరు హంపి తలపడ్డారు, దివ్య గెలిచింది.

ఓపెనింగుల కథకు ఇంకో మలుపు 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో వచ్చింది. చెన్నై తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ పద్నాలుగో ఆటలో నల్లముక్కలతో అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ ఆటలో డింగ్ ఎంచుకున్నది గ్రూన్‌ఫెల్డ్ అమరికే, రంగులు తిరగేసి తెల్లముక్కలతో. కలకత్తాలో 1855లో కనిపించిన ఆ ఆకారం ప్రపంచ కిరీటాన్ని తేల్చే ఆటలోకి వచ్చేసరికి దానికి దేశం లేదు, అందరి సొత్తు అయిపోయింది.

చాళ్ల వైపు నుంచి చూస్తే

ఇప్పటిదాకా చెప్పిన సాక్ష్యాలన్నీ మూడు చోట్ల నుంచి వచ్చాయి: రాజాస్థానం, క్లబ్బు, అచ్చాఫీసు. కూలి చేసుకునేవాళ్ల వరండా ఆ జాబితాలో లేదు. బొంబాయిలో ఆ వరండా ఎలా వచ్చిందో ముందు చూద్దాం.

1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యాక బొంబాయి దీవుల మధ్య చిత్తడి నేలలు నివాసానికి వచ్చాయి. నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు 18వ శతాబ్దం చివర ఆ నేల మీద స్థిరపడ్డారు. వాళ్లను కామాఠీలన్నారు, ఆ పేట కామాఠిపుర అయింది.  అది మొదట ఈ నగరాన్ని కట్టిన చేతుల పేట. త్రివేంగడాచార్య పుస్తకం 1814లో అచ్చయ్యే నాటికి ఆ చేతులు ఈ ఊళ్లోనే ఉన్నాయి. తర్వాత మిల్లుల కోసం పద్మశాలీలు వచ్చి వర్లీ, లోయర్ పరేల్ వైపు చేరారు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లలో ఒక్కో గది 160 చదరపు అడుగులు. గదికి బయట అందరిదీ ఒకటే వరండా. చోటు తక్కువైనవాళ్లకు ఒక గుడ్డమీదో పలకమీదో గీసుకునే 64 గళ్లకంటే అనువైన ఆట ఏముంటుంది!

రాతకెక్కడం ఎంత ముఖ్యమో ఈ పేట చరిత్రే చెబుతుంది. జాయా కరాడీ లింగు, వ్యంకు బాలోజీ కాళేవార్ వంటి బొంబాయి తెలుగు పెద్దల పేర్లు ఇవాళ చరిత్రలో నిలిచాయంటే, వాళ్లు జోతీరావ్ ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగా నిలవడం, ఆ ఉద్యమం కాగితం మీదికి ఎక్కడమే కారణం. వాళ్లతోపాటు రాళ్లు మోసిన వేలమంది పేర్లు మిగల్లేదు. చదరంగానికీ అదే న్యాయం. కాక్రేన్ రాసుకోకపోతే మహేశ్‌చంద్రా లేడు.

తేలినవి, తేలనివి

తేలినవి మూడు. ఇండియన్ డిఫెన్స్ అన్న పేరు ఊరికే పెట్టింది కాదు, మహేశ్‌చంద్ర ఆటల నుంచే వచ్చింది. ఆ ఓపెనింగులకు సిద్ధాంతాన్ని కట్టింది మాత్రం 20వ శతాబ్దపు ఐరోపా ఆటగాళ్లు. 1855 ఆట దేశీ అమరికకు, కొత్త నియమానికి కలిసి పుట్టిన బిడ్డ.

తేలనివీ మూడే. దేశీ నియమాల్లో తెలుగునాట, మరాఠీనాట తొలి ఎత్తులు ఎలా ఉండేవి? రాజు దూకుడు, బంటు మార్పు ఏ ఊళ్లో ఏ రూపంలో ఉండేవి? పనికోసం వలస వచ్చినవాళ్లు తమ ఊరి నియమాన్ని వెంట తెచ్చుకున్నారా, వచ్చినచోట నియమానికి మారారా? మూడో ప్రశ్నకు జవాబు ఏ యూరప్ గ్రంథాలయంలోనూ దొరకదు. దొరికితే చాళ్లలోనే దొరకాలి.

ఆ చాళ్లను ఇప్పుడు కూల్చేస్తున్నారు. వర్లీ బీడీడీ కుటుంబాలు 2025 నుంచి కొత్త భవనాల్లోకి మారుతున్నాయి. కామాఠిపుర కూడా పునర్నిర్మాణం దారిలో ఉంది. గదులు పెద్దవి కావడం మంచిదే, ఆ కుటుంబాలు ఎన్నో తరాలు ఎదురుచూసిన మేలది. కానీ వరండా పోయేలోపు చెయ్యవలసిన పని ఒకటుంది. ముంబయి తెలుగు సంఘాలు, తెలుగు పాఠశాలల ఉపాధ్యాయులు, ఇంట్లో పెద్దలున్న ప్రతి కుటుంబం వాళ్లను ఒక బల్ల ముందు కూర్చోబెట్టి అడగాలి: బంటు ఎన్ని గళ్లు నడిచేది, రాజు ఎప్పుడు దూకేవాడు, ముందు ఏ ముక్కను కదిలించేవాళ్లు? తేదీ, ఊరి పేరు వేసి ఆ జవాబును ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఇండియన్ డిఫెన్స్‌లో ఇండియా వాటా ఎంతో చెప్పే తర్వాతి ఆధారం ఆ నోటుపుస్తకమే కావచ్చు.